ఈతకొలను గేటు దగ్గర పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడి ఆర్డీటీ మైదానంలో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. 2022 ప్రపంచ కప్‌లో మొరాకో సెమీఫైనల్ దాకా వచ్చినప్పటి నుంచి వాడికి ఆ దేశపు క్లబ్బుల మీదే ధ్యాస. అక్కడి విదాద్ అనే పెద్ద క్లబ్బు అసలు ఫుట్‌బాల్ కోసం పెట్టింది కాదని, ఈతకొలను దగ్గర జరిగిన గొడవలోంచి పుట్టిందని చెబుతున్నాడు. ఇది నిజమేనా? – ఒక తల్లి, అనంతపురం

సమాధానం: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. మొరాకో 1912 నుంచి 1956 వరకు ఫ్రెంచివారి రక్షిత రాజ్యం. పేరుకు సుల్తాను ఉన్నా పెత్తనమంతా ఫ్రెంచి రెసిడెంట్ జనరల్ చేతిలో ఉండేది. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీవారికి దత్తం చేసిన కథ తెలిసిన సీమవాసులకు ఇటువంటి ఏర్పాటును విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో కాసాబ్లాంకా రేవు దగ్గర ఈతకొలనులు ఉండేవి. నీళ్లలో దిగాలంటే ఏదో ఒక క్లబ్బులో సభ్యత్వం ఉండాలి, ఆ క్లబ్బులేమో యూరోపియన్లవి. స్థానిక ముస్లింలు, యూదులు ఒక్కొక్కరే సభ్యులుగా చేరడం మొదలయ్యేసరికి దొరలకు అది కంటగింపైంది, వీరికి ప్రవేశం లేకుండా చేశారు. 1934లో అదే నగరంలో సముద్రపు నీటితో నిండే 480 మీటర్ల పొడవైన కొలనును కట్టారని గుర్తుచేసుకుంటే ఆ అవమానం ఎంత లోతుగా తగిలి ఉంటుందో తెలుస్తుంది. సముద్రం తమది, తీరం తమది, ఈదడానికి మాత్రం అనుమతి లేదు. (ఆ పెద్ద కొలనును తర్వాత కూల్చివేశారు. నేడు ఆ చోట హసన్ 2 మసీదు నిలిచి ఉంది.)

మొహమ్మద్ బెంజెల్లూన్ అనే యువకుడు, ఆయన మిత్రులు దీనికి కనుగొన్న దారి ఒక్కటే: మనకంటూ ఒక క్లబ్బు ఉంటే ఎవరూ గేటు దగ్గర ఆపలేరు. అలా 1937 మే 8న విదాద్ క్లబ్బు ఏర్పడింది. మొదట ఆడింది నీళ్లలో బంతితో ఆడే వాటర్ పోలో. ఫుట్‌బాల్ విభాగం 1939లో వచ్చింది. దాన్ని తీర్చిదిద్దినవాడు మొహమ్మద్ బెన్ లహ్సెన్ అఫ్ఫానీ. అందరూ ఆయనను ‘పేర్ జేగో’ అని పిలిచేవారు, పేర్ అంటే ఫ్రెంచిలో తండ్రి. వృత్తికి పత్రికా రచయిత, మనసుకు కోచ్.

మన కలకత్తాలో 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు, ఎక్కువమంది ఉత్త కాళ్లతోనే ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన ఘట్టాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం. విదాద్‌కు కూడా అటువంటి రోజులు వచ్చాయి. ఫ్రెంచి ఏలుబడిలోని ఉత్తర ఆఫ్రికా క్లబ్బులు పోటీపడే ఛాంపియన్‌షిప్‌ను 1948, 1949, 1950లలో వరుసగా మూడుసార్లు గెలుచుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి జాతీయ లీగ్ కూడా, అంటే 1956-57 సీజనుది, ఆ క్లబ్బుదే.

మీ అబ్బాయికి ఇంకొక సంగతి చెప్పండి. 2022 మే 30న విదాద్‌ను ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ విజేతగా నిలిపిన కోచ్ వాలిద్ రెగ్రాగీయే, ఆ ఆగస్టు చివర జాతీయ జట్టు బాధ్యత తీసుకుని డిసెంబరులో సెమీఫైనల్‌కు చేర్చాడు. పోర్చుగల్ మీద ఎన్ నెసిరి తలతో కొట్టిన గోల్ గుర్తుండే ఉంటుంది. ఎడమ వైపు నుంచి ఆ బంతిని గాలిలోకి ఎత్తి అందించిన యహియా అతియత్ అల్లా అప్పటికి విదాద్ ఆటగాడే. యూరప్ క్లబ్బుల్లో పెరిగిన పేర్లే ఎక్కువగా వినిపించిన ఆ జట్టులో, ఇంటి లీగ్ నుంచి వచ్చినవాడి కాలు ఆ గోల్ వెనుక ఉండడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

ప్రశ్న: కాసాబ్లాంకాలోనే ‘రాజా’ అనే మరో క్లబ్బు ఉందట. రాజా అంటే మన రాజేనా? – ఒక డిగ్రీ విద్యార్థి, కడప

సమాధానం: కాదు. అది అరబ్బీ మాట, ‘ఆశ’ అని అర్థం. మీ కడపలో ఉర్దూ చదివినవారిని అడిగి చూడండి, భయానికి ఎదురుగా ‘రజా’ అనే మాటను ఆశ అన్న అర్థంలోనే చెబుతారు. విదాద్ అంటే ఆప్యాయత, స్నేహం.

ప్రశ్న: ఒకే నగరం, ఒకే మైదానం, మరి ఈ రెండు క్లబ్బుల మధ్య అంత వైరం ఎందుకు? పేదల క్లబ్బు, డబ్బున్నవాళ్ల క్లబ్బు అనే తేడాయేనా? – ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

సమాధానం: ఆ మాట తరచుగా వినిపిస్తుంది, కానీ దానితో సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. రాజా 1949 మార్చి 20న దర్బ్ సుల్తాన్ అనే కార్మికుల పేటలో పుట్టిన మాట నిజమే. స్థాపకుల్లో ముఖ్యుడైన మహ్జూబ్ బెన్ సెద్దిక్ కార్మిక నాయకుడు, దరిమిలా దేశంలోని పెద్ద కార్మిక సంఘానికి సారథి అయ్యాడు. అయితే విదాద్‌ను కన్నది కూడా అదే పరాయి పాలన, అదే కోపం. ఎర్ర చొక్కా ఒకరిది, పచ్చ చొక్కా మరొకరిది, పుట్టుకకు కారణం మాత్రం ఒక్కటే.

రాజా స్థాపకులు దాటిన అడ్డంకిని కాస్త వివరంగా చెప్పాలి. క్లబ్బుకు అధ్యక్షుడిగా ఫ్రెంచి పౌరుడే ఉండాలని అప్పటి పాలకుల నిబంధన. తమ క్లబ్బుకు తమవాడు అధ్యక్షుడు కాకూడదు, ఫ్రెంచివాణ్ణి నెత్తిన పెట్టుకోవడానికి మనసొప్పదు. అప్పుడు వారు హెజ్జీ బెన్ అబాజీ అనే ఆయనను ఎన్నుకున్నారు. ఆయన అల్జీరియా మూలాలున్న ముస్లిం, కాగితం మీద ఫ్రెంచి పౌరుడు. నిబంధన అక్షరం తప్పలేదు, క్లబ్బు పరాయిచేతికి పోలేదు. వారు గెలిచిన కప్పులన్నిటికంటే ఈ ఒక్క యుక్తి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది.

వైరానికి మరో ముడి ఉంది, దాని పేరు పేర్ జేగో. విదాద్‌ను నిలబెట్టిన ఆ మనిషే 1950లలో రాజాకు వచ్చి, బంతిని పొట్టి పొట్టి పాసులతో నేల మీదే నడిపించే దక్షిణ అమెరికా తీరు ఆటను నేర్పాడు. పెద్దకొడుకును పెంచిన చేతులే చిన్నకొడుకునూ పెంచాయి. ఇక అన్నదమ్ముల పంతం ఎలా ఉంటుందో సీమలో పుట్టినవారికి నేను చెప్పాలా?

రాజా తొలి జాతీయ లీగ్ కోసం 1988 దాకా ఆగవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆఫ్రికా ఛాంపియన్ క్లబ్బుల కప్పు, ఆపైన 1997, 1999లలో మళ్లీ అదే కప్పు. 2023-24 లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా విజేత అయింది.

ప్రశ్న: ఒక క్లబ్బు ఆటగాళ్లు మ్యాచ్ గెలిచి, ఓడిన జట్టులోని బ్రెజిల్ మేటి ఆటగాడు రొనాల్డీన్యో బూట్లు విప్పించుకున్నారని విన్నాను. ఎవరు వాళ్లు? – ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆదోని

సమాధానం: వాళ్లు రాజా ఆటగాళ్లే. 2013 క్లబ్ ప్రపంచ కప్ మొరాకోలో జరిగింది. ఆతిథ్య దేశపు లీగ్ విజేతగా రాజాకు చోటు దక్కింది. పోటీకి కొద్ది రోజుల ముందే కోచ్‌ను మార్చిన జట్టు మీద ఎవరికి నమ్మకం ఉంటుంది? అగాదీర్‌లో న్యూజిలాండ్ జట్టు ఆక్లాండ్ సిటీని, తర్వాత అదనపు సమయంలో మెక్సికో జట్టు మోంటెరీని, రెండింటినీ 2-1తో ఓడించారు. డిసెంబరు 18న మర్రకేష్‌లో సెమీఫైనల్, ఎదురుగా దక్షిణ అమెరికా విజేత అట్లెటికో మినెయిరో. యాజూర్ 51వ నిమిషంలో గోల్ చేస్తే 63వ నిమిషంలో రొనాల్డీన్యో ఫ్రీకిక్‌తో లెక్క సరిచేశాడు. ఆట ముగియడానికి ఆరు నిమిషాల ముందు ముతవలీ పెనాల్టీని గోల్‌గా మలిచాడు, చివరి క్షణాల్లో మబీదె మూడోది కొట్టాడు. 3-1.

ఈల మోగగానే గెలిచినవాళ్లు తమ విజయాన్ని పక్కన పెట్టి రొనాల్డీన్యో చుట్టూ మూగారు. ఆయన కాళ్ల నుంచి బూట్లు విప్పి గుర్తుగా తీసుకున్నారు, ఆయన వద్దనలేదు. మూడు రోజుల తర్వాత ఫైనల్లో బేయర్న్ మ్యూనిక్ 2-0తో గెలిచింది. యూరప్, దక్షిణ అమెరికాలకు బయటి క్లబ్బు ఆ పోటీ ఫైనల్ ఆడడం అది రెండోసారి మాత్రమే, 2010లో కాంగోకు చెందిన మజెంబే మొదటిది.

మొన్న అనంతపురం మైదానంలో ఒక అమ్మాయి, తన వంతు ఆట అయిపోగానే బూట్లు విప్పి, మట్టి దులిపి, లేసులు వదులు చేసి పక్క పిల్లకు అందించడం చూశాను. ఆ పిల్ల పాదం కొంచెం చిన్నది, ముందు భాగంలో గుడ్డ ముక్క కుక్కుకుని పరుగెత్తింది. మీ బడి పిల్లలకు ఆ సెమీఫైనల్ దొరికితే చివరిదాకా చూపించండి, ఈల మోగిన తర్వాతి భాగంతో సహా.