ఉబుంటులో బాష్ తీసేసి ఫిష్ షెల్ పెట్టుకోవచ్చా?

షెల్ అంటే మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్. ఉబుంటుతో పాటు వచ్చేది బాష్, దాని బదులు వాడుకోగలిగే ఇంకో షెల్ ఫిష్. ఫిష్ పెట్టుకోండి, బాష్ జోలికి మాత్రం వెళ్లకండి. టెర్మినల్‌లో సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ ఫిష్ అని కొడితే నిమిషంలో పని అయిపోతుంది. ఆ తర్వాత సీహెచ్ఎస్‌హెచ్ కమాండ్ కొట్టమని ప్రతివాడూ చెప్తాడు చూడండి, తలనొప్పంతా దాంతోనే. అది మీ లాగిన్ షెల్‌నే, అంటే లాగిన్ అవ్వగానే సిస్టమ్ నడిపే షెల్‌నే మార్చేస్తుంది.

నేనూ మార్చాను. పైగా యాప్ట్‌లో (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్) ఉన్నది పాత వెర్షన్ అని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ చేసి మరీ పెట్టుకున్నాను. కొన్ని నెలలకు డిస్క్ నిండిపోతే, యూఎస్ఆర్ లోకల్ అనే ఫోల్డర్‌లో ఉన్నదంతా చెత్తే అనుకుని ఊడ్చేశాను. ఫిష్ ఉన్నదీ అక్కడే. మర్నాడు పొద్దున పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వచ్చింది. క్యాప్స్ లాక్ చూశాను. కీబోర్డ్ కూడా మార్చాను. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి కన్సోల్‌లో (అక్షరాలు మాత్రమే ఉండే లాగిన్ తెర) ప్రయత్నిస్తే, పాస్‌వర్డ్ ఒప్పుకుని మరీ బయటికి గెంటేసింది! మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన పని అందులోనే ఉంది, ఇక టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. చివరికి కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూ నుంచి రికవరీ మోడ్‌లోకి వెళ్తే రూట్ (అన్ని అధికారాలూ ఉండే యూజర్) ప్రాంప్ట్ దొరికింది, రూట్‌కి ఇంకా బాషే ఉంది కాబట్టి. డిస్క్ రీడ్ ఓన్లీలో ఉంటే రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, యూజర్‌మాడ్ అనే కమాండ్‌తో నా షెల్‌ని మళ్లీ బాష్ చేశాను. లోపలికి వచ్చాక ఫిష్ హిస్టరీ ఫైలు తెరిచి చూస్తే, చివర్లో నేను కొట్టిన ఆర్ఎమ్ (ఫైళ్లను చెరిపేసే) కమాండ్ నన్నే చూస్తోంది.

అందుకని ఇప్పుడు టెర్మినల్ ప్రొఫైల్‌లో, షెల్ బదులు వేరే కమాండ్ నడపమనే ఆప్షన్ దగ్గర ఫిష్ అని రాసి వదిలేశాను. లాగిన్‌కి బాష్, రోజువారీ పనికి ఫిష్. రెండక్షరాలు కొట్టగానే పాత కమాండ్ బూడిద రంగులో వస్తుంది, కుడి బాణం నొక్కితే చాలు. ఆ సుఖం మరిగాక వెనక్కి వెళ్లలేం. కాకపోతే ఎక్కడో చూసి కాపీ చేసిన బాష్ ముక్కలన్నీ ఇందులో నడవవు. వేరియబుల్‌కి సెట్ వాడాలి, హియర్‌డాక్ (కమాండ్‌కి కొన్ని లైన్ల టెక్స్ట్‌ని అక్కడికక్కడే ఇచ్చే పద్ధతి) అసలు లేనే లేదు. అలాంటప్పుడు బాష్ అని కొట్టి అందులోకి దూరడమే.

ఇంకో షెల్ ఉంది కదా, జెడ్ షెల్, అది బాగుంటుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. షెల్ మంచిదే, దాని మీద ఎక్కించే ఫ్రేమ్‌వర్క్‌లతోనే నా గొడవ. నాతో పనిచేసే ఒకాయన ప్రాంప్ట్‌లో (కమాండ్ కొట్టేచోట ముందు కనిపించే లైన్) బ్యాటరీ, గిట్ బ్రాంచ్, గడియారం, ఏదో రాకెట్ బొమ్మ అన్నీ ఉంటాయి. ఎంటర్ నొక్కి ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఎదురుచూస్తుంటాడు.