నీళ్ల కింద కోసిన అంచు ఉండకూడదు

చిన్నీకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కప్పు బొమ్మలూ, చదరం కాగితంతో మడిచిన కప్పు కారిపోయిన ఆ చిన్న వీడియో చూశాను. ఫోన్లో చెబితే సగం నీకు ఎక్కదు, మిగతా సగం నేను మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. చదివేటప్పుడు పక్కన నాలుగు తెల్లకాగితాలు పెట్టుకో.

క్లాసు ప్రాజెక్టుగా వేసవి చలివేంద్రాలకు మడిచే కాగితపు కప్పు చేయాలన్న నీ ఆలోచన బాగుంది. చదునుగా ఉంటుంది కాబట్టి కట్టలు కట్టి సంచిలో వేసుకుపోవచ్చు. కానీ నువ్వు గీసిన కప్పుకు గుండ్రటి అడుగు ఉంది, పక్కన జిగురు అతుకు ఉంది, పైన మెరిసే ప్రింటు ఉంది. అట్టపెట్టెల సెక్షన్లో ముప్ఫై ఏళ్లకు పైగా డై కటింగ్, అంటే అట్టను అచ్చుతో ఆకారానికి కోసే పని, చేసినవాణ్ని, మొహమాటం లేకుండా చెబుతాను. ఈ మూడూ తీసెయ్.

ముందు నా పరువు పోయిన కథ ఒకటి విను. చాలా ఏళ్ల కిందట ఒక ఉత్సవానికి నీళ్ల కప్పులు నేనే చేస్తానని మాటిచ్చాను. ప్రెస్సులో క్యాలెండర్లు కోయగా మిగిలిన ఆర్ట్ పేపర్ ముక్కలు బోలెడున్నాయి. నున్నగా ఉంటుంది, మెరుస్తుంది, నీళ్లు దాని మీద జారిపోతాయి అనుకున్నాను. రాత్రంతా నేనూ, మీ అత్తయ్యా, పక్కింటి పిల్లలూ కూర్చుని ఐదొందలు మడిచాం. పొద్దున్న నీళ్లు పోస్తే కాగితం మధ్యలో ఎక్కడా కారలేదు. మడతల దగ్గర కారింది, అదీ గీత గీసినట్టు. ఆర్ట్ పేపర్ మీద ఉండేది సుద్దలాంటి పూత. గట్టిగా మడిస్తే చిట్లుతుంది. ఆ చీలిక గుండా నీళ్లు నేరుగా లోపలి నారకు చేరతాయి. పైగా ఒక పెద్దాయన తెల్ల పంచె మీద ఎర్ర రంగు కూడా దిగింది. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ పంచె మాట ఎత్తుతుంది.

ఆ రోజు తెలిసింది నాకు. కాగితపు కప్పులో బలహీనమైనవి రెండే: మడతా, కోసిన అంచూ. మడత లేకుండా కప్పు లేదు, దాన్ని మంచి చేసుకోవడమే. కోసిన అంచును మాత్రం నీళ్లకు దూరంగా పెట్టొచ్చు. కాగితం అంటే నారల చాప. పైతలం నుంచి నీళ్లు నెమ్మదిగా ఇంకుతాయి. కోసిన చోట నారల చివర్లు తెరుచుకుని ఉంటాయి కాబట్టి దీపం వత్తి నూనె పీల్చినట్టు పీల్చేస్తాయి. నీ బొమ్మలో పక్క అతుకు అడుగుదాకా దిగింది. అంటే కోసిన అంచు నీళ్లలో మునిగే ఉంటుంది. ఎంత మంచి జిగురు పెట్టినా నీళ్లు ముందు దాని పక్కనుంచే దారి చూసుకుంటాయి.

ఇప్పుడు బళ్లో పిల్లలు మడిచే కప్పు చూడు. చిన్నప్పుడు నువ్వూ చేశావు, అందులో బఠానీలు పోసుకుని తిన్నావు. చదరం కాగితాన్ని మూల నుంచి మూలకు మడిస్తే త్రిభుజం వస్తుంది. మడత నీ వైపు, కొన పైకి ఉండేలా పెట్టుకో. ఎడమ మూలను ఎత్తి కుడివైపు వాలు అంచు మీదకు తేవాలి. కుడి మూలను అలాగే ఎడమ అంచు మీదకు. పైన మిగిలిన రెండు కొనల్లో ముందుదాన్ని ముందున్న జేబులోకి దోపి, వెనకదాన్ని వెనక్కి మడిస్తే అయిపోయింది. జిగురు లేదు, పిన్ను లేదు. విప్పి చూసుకో, ఆ చదరానికి కోసిన అంచులు నాలుగూ కప్పు మూతి దగ్గరకో, మూతి పైకో వచ్చి చేరాయి. నీళ్లు నిలిచే చోట అంతా ఒకే కాగితం, ఎక్కడా తెగిన చోటు లేదు. ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి.

నీ వీడియోలో కప్పు ఎందుకు కారిందంటే, ఎడమ మూలను ఎక్కడికి తేవాలో నువ్వు కంటి అంచనాతో వేశావు. ఆ మడత పై అంచు కింది మడతకు సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా ఉంటే ఒక పక్క మూతి కిందికి జారినట్టే. కోసిన అంచు నీళ్లలోకి దిగుతుంది. సరైన చోటు దొరకడానికి చిట్కా ఉంది. త్రిభుజంలో పై పొర ఒక్కటే తీసుకుని, దాని ఎడమ వాలు అంచును కింది మడత మీదకు ఆనించు. అప్పుడు వచ్చే మడత కుడి అంచును ఎక్కడ తాకుతుందో అక్కడ మాత్రం గోటితో చిన్న గీటు పెట్టి విప్పెయ్. పూర్తి మడత నొక్కకు, ఆ గీత కప్పు గోడ మీద మిగిలిపోయి తర్వాత ఇబ్బంది పెడుతుంది. ఎడమ మూల ఆ గీటు దగ్గరకే రావాలి. ఇలా చేయడమంటే కోణాన్ని సగం చేయడమే, 45 డిగ్రీలను ఇరవై రెండున్నరకు. పదో తరగతిలో కోణ సమద్విఖండన రేఖ ఎందుకు నేర్పుతున్నారని ఏడ్చావు గుర్తుందా, ఇందుకు.

ఇక లెక్క. చదరం వైపు ఎంతైనా సరే, చదునుగా ఉన్నప్పుడు కప్పు మూతి వెడల్పు దానికి 0.586 వంతు, ఎత్తు 0.414 వంతు, అడుగు 0.243 వంతు వస్తాయి. 20 సెంటీమీటర్ల చదరమైతే మూతి 11.7, ఎత్తు 8.3, అడుగు 4.9 సెంటీమీటర్లు. మూతి ఒత్తి తెరిచి చేత్తో పట్టుకుంటే వంద మిల్లీలీటర్లు హాయిగా పడతాయి. ఎండలో నడిచొచ్చిన మనిషికి అది గుక్కెడు. నువ్వు 150 మిల్లీలీటర్లు పట్టాలన్నావు. దానికి కాగితం ఒకటిన్నర రెట్లు పెంచకు. వైపు పెంచితే నీళ్లు మూడు దిక్కులా పెరుగుతాయి. 20ని 23 చేస్తే చాలు, నీళ్లు ఒకటిన్నర రెట్లవుతాయి, కాగితం మాత్రం మూడో వంతుకన్నా తక్కువే పెరుగుతుంది. 70 జీఎస్ఎం కాగితమైతే, అంటే చదరపు మీటరు 70 గ్రాములు తూగేదైతే, 2.8 గ్రాముల కప్పు 3.7 గ్రాములవుతుంది.

కానీ 23 కూడా ఖాయం చేసుకోకు. ముందు షీటు చూడు. ప్రెస్సులో పనిచేసినవాడు ఏ సైజైనా షీటు నుంచే మొదలుపెడతాడు. 20×30 అంగుళాల షీటు తీసుకుంటే 10 అంగుళాల చదరాలు ఆరు వస్తాయి, పీలిక కూడా మిగలదు. అదే 23×36 షీటులో 9 అంగుళాలవి ఎనిమిదే వస్తాయి, పక్కన 5 అంగుళాల పట్టీ చెత్తబుట్టకు పోతుంది. 10 అంగుళాలంటే 25 సెంటీమీటర్ల పైచిలుకు, దాదాపు గ్లాసుడు నీళ్లు. చలివేంద్రానికి అదే సరైన కొలతని నాకనిపిస్తోంది. పిల్లలకు పెద్దదవుతుంది, నిజమే. సగం పోస్తే సరి. ఒక్కటి మర్చిపోకు, చదరం నిజంగా చదరంగా ఉండాలి. రెండు కర్ణాలూ కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూడు. రెండు మిల్లీమీటర్ల తేడా కూడా మూతి దగ్గర వంకరగా కనిపిస్తుంది.

కాగితం సంగతి. జిరాక్స్ కాగితం డమ్మీలకు, అంటే చూసుకోవడానికి చేసే నమూనాలకు, బాగుంటుంది, కాసేపు నీళ్లు ఆపుతుంది కూడా. తడిసిన మామూలు కాగితానికి పొడిగా ఉన్నప్పటి బలంలో పదో వంతు కూడా మిగలదు, అందుకే ఉన్నట్టుండి అడుగు జారిపోతుంది. అసలు కప్పుకు ఆహారానికి వాడే, నూనె పీల్చని గ్రీజ్‌ప్రూఫ్ కాగితమో, సంచులకు వాడే గట్టి క్రాఫ్ట్ కాగితం పూత లేనిదో 60 నుంచి 80 జీఎస్ఎం మధ్య చూడు. అంతకన్నా మందమైతే మడత మొండికేస్తుంది. మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎనిమిది పొరలు వస్తాయి మరి. న్యూస్ పేపర్ జోలికి మాత్రం వెళ్లకు. సిరా మంచిది కాదు, ఆహారం చుట్టడానికే వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. ప్రింటు వేయాలని నీకంత మోజుగా ఉంటే మూతి పైన ఉండే వెనక కొన మీద వేసుకో. పెదవికీ నీటికీ తగలదు.

లోపల ప్లాస్టిక్ పూత వేస్తే సరిపోతుంది కదా అని నువ్వు అడుగుతావని తెలుసు. బజార్లో టీ కప్పులకు ఉండేది అదే. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు అలాంటి కప్పుల్లో వేడి నీళ్లు పోసి చూశారు. 100 మిల్లీలీటర్ల నీటిలోకి పావుగంటలో 25 వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వచ్చాయి. నీది చల్లటి నీళ్ల కప్పు కదా అంటావేమో. అయినా ఆ కప్పులు చివరికి చేరేది రోడ్డు పక్కకే, ఆవు నోటికే. పిన్ను కొట్టొద్దనేది కూడా అందుకే. మైనం కావాలంటే వాడొచ్చు, కానీ మడిచాక అడుగు ఒక్కటే ముంచు. ముందే పూసి మడిస్తే నా ఆర్ట్ పేపర్ కథే మళ్లీ. మైనం కప్పులో టీ పోయకూడదని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించు, ఎవడో ఒకడు పోస్తాడు.

గ్రెయిన్ గురించి మీ క్లాసులో చెప్పారో లేదో. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుంటాయి. ఆ దిక్కు వెంట మడిస్తే మడత సాఫీగా వస్తుంది, అడ్డంగా మడిస్తే నారలు విరిగి గరుకుగా లేస్తుంది. తెలుసుకోవడానికి చిన్న ముక్కకు ఒక పక్క తడి చెయ్యి. అది గొట్టంలా చుట్టుకుంటుంది కదా, ఆ గొట్టం ఎటు పొడవుగా ఉందో అదే గ్రెయిన్. నీ కప్పులో అడుగు మడత మూల నుంచి మూలకు పోతుంది కాబట్టి మామూలుగా కోస్తే గ్రెయిన్‌కు ఏటవాలుగా పడుతుంది. పల్చటి కాగితానికి ఫర్వాలేదు. క్రాఫ్ట్ వాడితే మాత్రం ఒకసారి చదరాన్ని ఏటవాలుగా తిప్పి కోసి, అడుగు మడత గ్రెయిన్ వెంట వచ్చేలా చేసి, రెంటినీ పక్కపక్కన పోల్చి చూడు. తేడా పెద్దగా లేకపోతే వదిలెయ్, షీటు వృథా చేసుకోకు.

జిగురుతో చేసే చదును కప్పులు లేవా అంటే ఉన్నాయి. జపాన్‌లో పాత షింకాన్‌సెన్ బుల్లెట్ రైళ్లలో చల్లటి నీళ్ల పంపు పక్కన ఉత్తరం కవరులాంటి కప్పులు పెట్టేవాళ్లు. లాగి, మూతి తెరిచి, రెండు గుక్కలు తాగి పారెయ్యడమే. యంత్రం మీద లక్షల్లో చేయడానికి అది బాగుంటుంది. నీకు యంత్రం లేదు. చలివేంద్రం దగ్గర కూర్చునే పెద్దావిడ ఖాళీగా ఉన్నప్పుడు మడుచుకోగలిగితే అదే నీ యంత్రం.

ఇప్పుడు మనం వాడి పారేసే కాగితపు కప్పు పుట్టిందే చలివేంద్రంలాంటి చోటు కోసం అని నీకు తెలుసా? అమెరికాలో రైళ్లలో, స్కూళ్లలో నీళ్ల తొట్టికి గొలుసుతో కట్టిన ఒకే గ్లాసుతో అందరూ తాగేవాళ్లు. జబ్బులు పాకుతున్నాయని 1909లో కాన్సాస్ రాష్ట్రంలో డాక్టర్ శామ్యూల్ క్రంబైన్ ఆ ఉమ్మడి గ్లాసును నిషేధింపజేశాడు. లారెన్స్ లూయెలెన్ అనే బోస్టన్ లాయరు ఆపాటికే ఒకసారి వాడి పారేసే కాగితపు కప్పు మీద పనిచేస్తున్నాడు. అదే తర్వాత డిక్సీ కప్పు అనే పేరున్న బ్రాండు అయింది. మన చలివేంద్రాల్లో కుండ మీద బోర్లించిన ఆ ఒక్క స్టీలు గ్లాసు ఇప్పటికీ ఉంది కదా.

కానీ మనవాళ్లకు ఇంకో అలవాటుంది. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి నోట్లో పోసుకుంటారు. నువ్వు గీసిన గుండ్రటి మూతి కప్పుతో అలా పోసుకుంటే సగం చొక్కా మీదే. ఈ మడత కప్పుకు మూతి రెండు చివర్లా కోసుగా ఉంటుంది, ధార సన్నగా పడుతుంది. ఇది నీ ప్రాజెక్టులో రాసుకో, మీ సార్లు మెచ్చుకుంటారు. ఇంకోటి, వెనక కొనను వెనక్కి మడవకుండా నిలబెట్టి ఉంచి, అందులో చిల్లు పొడిచి, వంద కప్పులు దారానికి గుచ్చి మేకుకు తగిలించు. చిల్లు నీటి మట్టానికి చాలా పైన ఉంటుంది కాబట్టి భయం లేదు. కావాల్సినవాళ్లు ఒకటి లాక్కుంటారు. బల్ల మీద పెడితే గాలికి ఎగిరిపోతాయి. అది కూడా అనుభవమే.

పరీక్ష ఇలా చెయ్. నీళ్లలో నీలం సిరా చుక్క వేసి పది కప్పుల్లో పోసి, తెల్లకాగితం మీద నిలబెట్టిన గ్లాసుల్లో కూర్చోబెట్టు. ఒక నిమిషానికి, ఐదు నిమిషాలకు, పావుగంటకు తీసి చూడు. మరక మొదట ఎక్కడ కనబడిందో రాసుకో. అడుగు మూలల దగ్గరా, మడత మధ్యలోనా, మూతి పక్కనా? ఎంతసేపు ఆగిందన్నదానికన్నా అదే నీకు ఎక్కువ పనికొస్తుంది. మూలల దగ్గరైతే మడత మరీ గట్టిగా నొక్కుతున్నావు. నొక్కేటప్పుడు గోరు వాడకు, వేలి కండ చాలు. మూతి పక్కనైతే గీటు తప్పింది. చలివేంద్రం దగ్గర నిలబడి తాగడానికి నిమిషం పడుతుందేమో, ఐదు నిమిషాలు ఆగితే గెలిచినట్టే. గంట ఆగే కప్పు చేయాలని తాపత్రయపడకు.

తర్వాత ఆ కప్పులు నీ స్నేహితులకు ఇవ్వకు, వాళ్లు బాగుందనే అంటారు. ఒక చేతిలో సంచి ఉన్న మనిషికి ఇవ్వు. చంకలో పిల్లాడున్న తల్లికి ఇవ్వు. కళ్లజోడు మర్చిపోయొచ్చిన ముసలాయనకు ఇవ్వు. మూతి ఎక్కడుందో వెతుక్కుంటున్నారా చూడు. వెతుక్కుంటే ముందు వైపు పెదవిని వెనకదానికన్నా కొంచెం పొట్టిగా మడువు, బొటనవేలు దానంతటదే సందులోకి పోతుంది.

ఈ ఆదివారం పది డమ్మీలు పట్టుకుని రా. అత్తయ్య మజ్జిగ పోసి చూస్తానంటోంది, నీళ్లకన్నా అదే అసలు పరీక్షట. వచ్చేటప్పుడు మీ అమ్మ దగ్గర నా స్టీలు స్కేలు ఉండిపోయింది, అది తీసుకురావడం మర్చిపోకు.

మీ మామయ్య