స్త్రీవాదం ఏ స్త్రీల కోసం?

ప్రశ్న: స్త్రీవాదం స్త్రీలందరికీ సమాన హక్కులు కోరి తీరాలా? జాతి, వర్గం, మతం వంటి సమస్యలన్నీ ఇందులోకి తెస్తే ఉద్యమం బలహీనపడుతుందని, ముందు వీలైనంత మందికి హక్కులు సాధించి, మిగిలినవారి సంగతి తరువాత చూడవచ్చని నా మిత్రురాలు వాదిస్తోంది. ఆ వాదన సరికాదని అనిపిస్తోంది గాని, ఎందుకో చెప్పలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: తీరాలనే నా అభిప్రాయం. అయితే మీ మిత్రురాలి వాదనలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. హక్కులు విడతలుగా రావడం ఒకటి, కొందరిని బయట ఉంచడానికి ఒప్పుకొని మిగిలినవారు హక్కు పొందడం మరొకటి. మొదటిదాన్ని తప్పుపట్టలేము, రెండవదాన్ని సమర్థించలేము.

బ్రిటన్‌లో 1918 నాటి చట్టం 30 ఏళ్లు నిండి, ఆస్తికి సంబంధించిన అర్హత ఉన్న స్త్రీలకే ఓటు ఇచ్చింది. పురుషులకు మాత్రం 21 ఏళ్లు చాలు. యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన యువతుల్లో చాలామందికి ఆ ఓటు దక్కలేదు. కానీ ఉద్యమం దానితో తృప్తిపడి ఊరుకోక, 1928లో పురుషులతో సమానమైన అర్హత వచ్చేవరకు సాగింది. విడత అంటే ఇదీ.

దక్షిణాఫ్రికాలో 1930లో జరిగింది ఇలాంటిది కాదు. అక్కడ తెల్లజాతి స్త్రీలకు మాత్రమే ఓటు ఇచ్చారు. కేప్ ప్రాంతంలో ఆస్తి, అక్షరాస్యత అర్హతలతో ఓటు హక్కు కలిగి ఉన్న ఇతర జాతుల పురుషుల బలాన్ని ఈ కొత్త ఓట్లతో తగ్గించడం పాలకుల ఉద్దేశం. నల్లజాతి స్త్రీలు 1994 వరకు ఎదురుచూడవలసి వచ్చింది. కొందరు స్త్రీలకు దక్కిన హక్కే ఇతరులను అణచే సాధనమైనప్పుడు దాన్ని స్త్రీల విజయమని లెక్కవేయడం ఎలాగో నాకు అర్థం కాదు.

అందరినీ కలుపుకుంటే ఉద్యమం ఓడిపోతుందన్న భయానికి చరిత్ర అంతగా మద్దతు ఇవ్వదు. 1893లో న్యూజిలాండ్ స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చినప్పుడు మావోరీ స్త్రీలకు కూడా అది వర్తించింది. 1902లో ఆస్ట్రేలియా తన చట్టంలో ఆదివాసులలో అత్యధికులను పక్కనపెట్టింది, జాతీయ ఎన్నికల్లో వారందరికీ ఓటు వేసే హక్కు రావడానికి 1962 దాకా పట్టింది. అంటే పక్కనపెట్టినవారి వంతు "తరువాత" వస్తుందన్న మాటకు అరవై ఏళ్లు కూడా గడువు కావచ్చు.

ఓటు మాత్రమే కాదు, కొలమానం ఇరుకైతే న్యాయస్థానంలో కూడా కొందరు స్త్రీలు కనబడకుండా పోతారు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. తరువాత సీనియారిటీ ప్రకారం ఉద్యోగులను తొలగించినప్పుడు, ఆలస్యంగా చేరిన ఆ స్త్రీలే ముందుగా ఉపాధి పోగొట్టుకున్నారు. వారు దావా వేస్తే 1976లో న్యాయస్థానం, సంస్థలో స్త్రీలు ఉన్నారు కాబట్టి లింగవివక్ష లేదని తేల్చింది, జాతి, లింగం రెండింటినీ కలిపి కొత్త కోవలో విచారించడానికి అంగీకరించలేదు. పనిలో ఉన్న ఆ స్త్రీలు తెల్లజాతివారు. 1989లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా ఈ తీర్పును విశ్లేషిస్తూ, రెండు వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడినప్పుడు విడివిడి కొలతలు వాటిని పట్టుకోలేవని చూపించారు. మీ మిత్రురాలు "ఇతర సమస్యలు" అంటున్నవి ఆ స్త్రీలకు ఇతరమైనవి కావు, వారి జీతం పోయింది వాటి వల్లనే.

ప్రతి సంఘం ప్రతి పోరాటాన్నీ తలకెత్తుకోవాలని నేను అనడం లేదు. ప్రసూతి సెలవు కోసమే పనిచేసే సంఘం ఉండవచ్చు. అయితే ఆ సెలవు కార్యాలయ ఉద్యోగినికి దక్కి, ఆమె ఇంట్లో పనిచేసే స్త్రీకి దక్కకపోయినా ఫరవాలేదని ఆ సంఘం అనకూడదు.

ప్రశ్న: సమానత్వం తమకు వద్దనే స్త్రీలు కూడా ఉన్నారు కదా, వారి హక్కుల కోసం ఎందుకు పోరాడాలి?
– మరొక పాఠకుడు

జవాబు: 1908లో బ్రిటన్‌లో స్త్రీల ఓటు హక్కును వ్యతిరేకిస్తూ స్త్రీలే ఒక సంఘం స్థాపించారు. పదేళ్ల తరువాత వచ్చిన చట్టం వారిని వేరు చేయలేదు, అర్హత ఉన్న అందరితో పాటు వారికీ ఓటు దక్కింది. అలాంటివారి అభిప్రాయాన్ని ఎంత ఘాటుగానైనా ఖండించవచ్చు గాని, ఆ అభిప్రాయం కారణంగా వారి జీతం, ఆస్తి, భద్రత తగ్గాలని కోరకూడదు. వచ్చిన హక్కును వాడుకోవడమా మానడమా అన్నది వారే తేల్చుకుంటారు.