రైలు కూత వింటే వణికిపోయే తమ్ముడికి ఏం చేయాలి?

అక్కా, 2023 జూన్‌లో బహనాగా రైలు ప్రమాదం నుంచి బయటపడ్డ మీ తమ్ముడికి ఇప్పటికీ పర్లాకిమిడిలో కూత వినబడితే చెమటలు పట్టేస్తున్నాయని, గాలి సోకిందని అమ్మగారు తాయెత్తు కట్టించారని రాశారు. కట్టనివ్వండి, దానికోసం ఇంట్లో గొడవెందుకు, కానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మానొద్దు. నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ అనే, పెద్ద ప్రమాదం చూశాక వచ్చే మానసిక సమస్య అయ్యుండొచ్చు, ప్రమాదం అయిపోయిందని మెదడు ఇంకా నమ్మడం లేదన్నమాట.

రాత్రి ఉలిక్కిపడి లేస్తే పట్టుకుని కుదపకండి, లైటు వేసి కాస్త దూరం నుంచే పేరు పెట్టి పిలిచి "ఇంట్లోనే ఉన్నావురా, నేను అక్కని" అనండి, చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించమనండి. ఆ రోజు ఏమైందని చుట్టాలు గుచ్చి గుచ్చి అడగకుండా చూడండి. నిద్ర కోసం మద్యం తాగడం మొదలెట్టాడేమో గమనించండి, అది ఉన్న నిద్రనీ పాడుచేస్తుంది.

ముందు 14416కి చేయండి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. దీనికి ప్రత్యేకమైన కౌన్సెలింగే అసలు వైద్యం, మాత్రలు కావాలో వద్దో వాళ్లే చెప్తారు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి.