డిక్రీ ‘సెట్ ఎసైడ్’ అయిందంటే పక్కన పెట్టారని అర్థమా?

సందేహం: మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల మేత బాకీకి రాయించుకున్న ప్రోనోటుపై నెల్లూరు కోర్టులో దావా వేశాను. ప్రతివాది రాకపోవడంతో ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చింది. ఈ.పి. (డిక్రీ అమలు కోరే పిటిషన్) వేసి ఆయన పొలం జప్తు చేయించాను. ఇప్పుడు ఆయన పిటిషన్‌పై, దావా మొత్తంలో సగం నాలుగు వారాల్లో జమ చేయాలనే షరతుతో కోర్టు డిక్రీని ‘సెట్ ఎసైడ్’ చేసిందట. డిక్రీని కొంతకాలం పక్కన పెట్టారని, కోర్టు పిలిచేదాకా ఆగమని మా మేనల్లుడు చెబుతున్నాడు. ఆగవచ్చునా?

సమాధానం: ఆగవద్దు. మీ మేనల్లుడు చెప్పిన అర్థం నిఘంటువులో ఉన్నదే గాని, కోర్టు ఉత్తర్వులో చెల్లదు. కూతురి పెళ్లికని కొంత డబ్బు విడిగా దాచుకున్నా, వచ్చే కారుకు విత్తనాల కోసం నాలుగు బస్తాలు తీసి ఉంచుకున్నా ఇంగ్లీషులో ‘సెట్ ఎసైడ్’ అనే అంటారు. అలా ఉంచినది తర్వాత పనికి వస్తుంది. డిక్రీకో, ఉత్తర్వుకో, వేలానికో ఆ మాట తగిలితే మాత్రం రద్దు చేయడమని ఒకటే అర్థం. తాత్కాలికంగా నిలపడానికి కోర్టులు వాడే మాట ‘స్టే’. స్టే వచ్చిన డిక్రీ బతికే ఉంటుంది, అమలు మాత్రమే ఆగుతుంది. సెట్ ఎసైడ్ అయిన డిక్రీ ఇక లేనట్టే. ‘పక్కన పెట్టడం’ అనే తెలుగు మాటకు ‘ఆ సంగతి తర్వాత చూద్దాం’ అనే ధ్వని ఉండటం వల్ల కక్షిదారులు ఇలా పొరబడటం నాకు కొత్త కాదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 13 ప్రకారం, సమన్లు సక్రమంగా అందలేదనో, హాజరు కాలేకపోవడానికి తగిన కారణం ఉందనో ప్రతివాది కోర్టును ఒప్పిస్తే ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేస్తారు. అందుకు గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సక్రమంగా అందని సందర్భంలో డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్కిస్తారు. పిటిషన్ కొట్టివేస్తే ప్రతివాదికి అప్పీలు హక్కు ఉంది, అనుమతిస్తే వాదికి అలాంటి అప్పీలు లేదు. హైకోర్టులో రివిజన్ వేయవచ్చు గాని, సగం సొమ్ము కోర్టులో జమ కావడం మీకు లాభమే కనుక నేనైతే ఆ దారి పట్టను.

షరతు నెరవేరితే దావా తిరిగి ఫైలు మీదికి వస్తుంది, ప్రతివాది జవాబు దావా వేస్తాడు, మీరు సాక్ష్యం చెప్పి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. ప్రోనోటు రాసిన లేఖరి, సాక్షి సంతకాలు చేసినవారు ఎక్కడ ఉన్నారో ఇప్పుడే కనుక్కోండి. సంతకం తనదేనని ప్రతివాది ఒప్పుకున్నా, మీరు రుజువు చేసినా, ప్రతిఫలం (నోటుకు బదులుగా ఇచ్చిన సరుకో, సొమ్మో) ఆయనకు ముట్టినట్టు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ మీ పక్షాన భావిస్తుంది. ఆ తర్వాత కాదని చూపే భారం ఆయనది. పిలుపు కోసం ఇంట్లో కూర్చుని వాయిదా తప్పితే, ప్రతివాది హాజరై ఉన్నప్పుడు మీరు లేరన్న కారణంతో దావాను కొట్టివేయవచ్చు, అదే బాకీపై కొత్త దావా కుదరదు. 30 రోజుల్లో దరఖాస్తు పెట్టి పాత దావానే పునరుద్ధరించుకోవాలి.

మీరు అడగని విషయం ఒకటి ఇంతకంటే ముఖ్యం. డిక్రీ రద్దయితే దాని ఆధారంగా జరిగిన జప్తు కూడా తొలగిపోయినట్టే (ఆర్డర్ 21, రూల్ 55), అంటే ఆ పొలాన్ని ఆయన అమ్ముకోవడానికి అడ్డు ఉండదు. మీ బాకీ ఎగవేసే ఉద్దేశంతో అమ్మబోతున్నాడని చూపగల ఆధారాలు ఉంటే, ఆర్డర్ 38, రూల్ 5 కింద తీర్పుకు ముందే జప్తు కోరుతూ పిటిషన్ సిద్ధం చేయించండి. కేవలం అనుమానం చాలదు. బేరం నడుస్తున్నట్టు తెలిసినవారి అఫిడవిట్ వంటిది కావాలి.

ఇదంతా షరతు నెరవేరితేనే. గడువులో సొమ్ము జమ కాకపోతే, గడువు పొడిగించకపోతే, ఆయన పిటిషన్ కొట్టివేసినట్టే అవుతుంది, మీ డిక్రీ నిలుస్తుంది, ఈ.పి. కొనసాగించుకోవచ్చు. అందువల్ల ‘చేసిందట’ అన్న మాట మీద ఆధారపడక, ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి ఈ వారమే దరఖాస్తు చేసి, షరతు ఏ మాటల్లో ఉందో, నాలుగు వారాలు ఏ తేదీతో ముగుస్తాయో చూసుకుని, ఆ మరుసటి పనిదినాన సొమ్ము జమ అయిందో లేదో మీ వకీలు ద్వారా కోర్టు ఆఫీసులో విచారింపజేయండి.