ఫీబే సహాయురాలా, పెద్దదిక్కా?

సందేహం: రోమా సామ్రాజ్యంలోని తొలి క్రైస్తవ సంఘాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘పేట్రన్’, ‘క్లయింట్’ అనే మాటలు అడుగడుక్కీ వస్తున్నాయి. పోషకుడు, కక్షిదారు అంటే ఎబ్బెట్టుగా ఉంది. పైగా క్రైస్తవ ప్రచారకుడు పౌలు రోములోని సంఘానికి రాసిన ఉత్తరంలో ఫీబే అనే ఆవిడ ప్రస్తావన ఉంది. వ్యాసకర్త ఆవిణ్ణి పౌలుకు పేట్రన్ అంటున్నారు. మన బైబిల్లో ‘సహాయురాలు’ అని ఉంది. అది తప్పా? ‘సహాయకురాలు’ అని ఉండాలా?

సమాధానం: ‘సహాయురాలు’ నిక్షేపంలాంటి మాట. సంస్కృతంలో ‘సహాయుడు’ అంటేనే తోడు వచ్చేవాడు. అతను చేసే పని ‘సాహాయ్యం’. మనం ఆ పనికే సహాయం అని పేరు పెట్టేసుకుని, మనిషి కోసం ‘సహాయకుడు’ అని ఇంకోటి తెచ్చుకున్నాం. ఫీబేను సహాయకురాలంటే ఆఫీసులో ఫైళ్లు అందించే ఆవిడ అయిపోతుంది. పాతదే నయం.

అయితే చిక్కు వ్యాకరణంలో లేదు, అర్థంలో ఉంది. పౌలు రోమీయులకు రాసిన ఆ పత్రిక 16:2లో ఉన్న గ్రీకు మాట ‘ప్రొస్టాటిస్’. ‘ప్రొ’ అంటే ముందు, మిగతాది నిలబడటం. అంటే ముందు నిలిచే మనిషి. సహాయురాలేమో వెంట నడిచే మనిషి. అనువాదంలో ఆవిడ ముందునుంచి వెనక్కి వెళ్లిపోయింది. ఏథెన్సులో కాపురమున్న పరదేశి తన తరఫున నిలిచే పౌరుణ్ణి ఒకర్ని చూపించుకోవాలి. ఆ పౌరుణ్ణి ‘ప్రొస్టాటెస్’ అనేవారు. ఫీబేది కెంక్రేయ, కొరింథుకు తూర్పు రేవు. ఆ కొరింథు దగ్గరే 1954లో ఒక శాసనం దొరికింది. యూనియా థియోడోరా అనే ఆవిడ లుకియ (నేటి టర్కీ దక్షిణ తీరం) దేశస్థుల్ని తన ఇంట దిగనిచ్చి, అధికారుల దగ్గర వాళ్ల మాట చెల్లేలా చూసిందని లుకియ పట్టణాలు ఆవిణ్ణి పొగిడిన శాసనమది. ఆవిడా ఒకటో శతాబ్దం మనిషే. ఆ మేలుకు శాసనం వాడిన పేరు ‘ప్రొస్టాసియా’. ఫీబే పక్కన పెట్టి చూడటానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఏం కావాలి?

ఇక పోషకుడు. పాత గ్రంథాలయాల చలువరాతి పలకల మీద ‘మహారాజ పోషకులు, రాజ పోషకులు, పోషకులు’ అని చందాల వరసలో పేర్లుంటాయి, చూసే ఉంటారు. ఆ మాటకు డబ్బు వాసనే ఎక్కువ. రోములో పత్రోనుస్ (పేట్రన్‌కు లాటిన్ మూలం) ఇచ్చేది డబ్బొక్కటే కాదు. ఆశ్రితులు, అంటే క్లయింట్లు, తెల్లవారేసరికి టోగా అనే పైవస్త్రం చుట్టుకుని ఆయన వాకిట్లో దండం పెట్టడానికి నిలబడేవారు. ‘స్పోర్తులా’ ఇచ్చి పంపేవాడు. ఆ మాటకర్థం చిన్న బుట్ట. రోము కవి మార్షల్ నాటికి బుట్ట పోయి నూరు క్వాద్రాన్సుల (చిన్న రాగి నాణేల) చిల్లర మిగిలింది. దావా పడితే కోర్టులో ఆశ్రితుడి తరఫున మాట్లాడేదీ ఆయనే. ఆ ఒక్కచోట మీ కక్షిదారు అతుకుతుంది, మిగతాచోట్ల అతకదు.

అందుకని వ్యాసమంతటా పేట్రన్‌కు ‘ఆశ్రయదాత’, క్లయింట్‌కు ‘ఆశ్రితుడు’, ఆ సంబంధానికి ‘ప్రాపకం’ అని వాడండి. రాజుల ప్రాపకంలో కవులు అని మనకు అలవాటున్న మాటే. లూకా తన సువార్తను ‘ఘనతవహించిన థెయొఫిలా’ అంటూ మొదలుపెట్టాడు గనక, ఆ థెయొఫిల దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘కృతిభర్త’ అనాలని నాకు మనసవుతుంది. అంకితం పుచ్చుకున్నవాడు కదా!

ఫీబే దగ్గర మాత్రం సంస్కృతం వదిలేయండి. ‘ఎందరికో, నాకూ పెద్దదిక్కుగా నిలిచింది’ అంటే సరిపోతుంది. ముందు నిలవడమూ ఉంది, చేతిలో కలిమీ పలుకుబడీ ఉన్నాయన్న ధ్వనీ ఉంది. మన బైబిల్లో దానికి ముందు, పౌలు ఫీబే గురించి చేసే ‘సిఫారసు’ను కదపకండి. సిఫారసు ఉత్తరాలు రాయడం ఆశ్రయదాతల పని. ఇక్కడ మేలు పొందిన పౌలే, మేలు చేసినావిడ కోసం రోములోని వాళ్లకు సిఫారసు రాస్తున్నాడు. ఫారసీ నుంచి వచ్చిన ఆ మాట మనకు ఎంత అలవాటో చెప్పక్కర్లేదు, చదవగానే పాఠకుడికి తగులుతుంది.

ఇంకొకటి. పేట్రన్‌కు ‘ఉపకారి’ అని పొరపాటున కూడా వాడకండి. లూకా 22:25లో, ప్రజల మీద పెత్తనం చేసేవాళ్లు ‘ఉపకారులనబడుదురు’ అని యేసు అంటాడు. అది గ్రీకులో ‘యువెర్గెటెస్’, రాజులు పేరు వెనక తగిలించుకున్న బిరుదు. ముందే ఖర్చుపెట్టేస్తే అక్కడికొచ్చేసరికి మీ చేతిలో మాట ఉండదు.