సర్పంచ్ ఎన్నికల ఫలితాన్ని ఎవరు ఖరారు చేస్తారు? రీకౌంటింగ్ ఎప్పుడు అడగాలి?

తెలంగాణ గ్రామ పంచాయతీల్లో ఫలితం ప్రకటించే అధికారం రిటర్నింగ్ అధికారిదే. పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకు ముగుస్తుంది, ఆ రోజే లెక్కింపు మొదలవుతుంది. ముందు గులాబీ రంగు సర్పంచ్ బ్యాలెట్లను, తెల్లని వార్డు బ్యాలెట్లను వేరుచేసి, 25 చొప్పున కట్టలు కడతారు. చెల్లని ఓట్లను పక్కన పెడతారు. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే కాబట్టి అభ్యర్థి తరఫున లెక్కింపును గమనించే ఏజెంట్ కదలకుండా కూర్చోవాలి.

లెక్క తేలాక అనుమానముంటే అభ్యర్థి గానీ ఏజెంట్ గానీ కారణాలు చూపిస్తూ రాతపూర్వకంగా రీకౌంటింగ్ కోరాలి. ఫలితం ప్రకటించక ముందే అడగాలి, ఇది చాలామందికి తెలియక నష్టపోతున్నారు. తేడా ఒక్క ఓటే అయినా రీకౌంటింగ్ దానంతట అది జరగదు. అధికారి ఒప్పుకోవచ్చు, కారణం రాసి తిరస్కరించనూ వచ్చు. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు.

ఫలితం ప్రకటించి, గెలిచినవారికి ధ్రువీకరణ పత్రం ఇచ్చాక ఆ అధికారి చేతిలో ఇంకేమీ ఉండదు. రాజ్యాంగంలోని 243-ఓ అధికరణ ప్రకారం ఎన్నికను ప్రశ్నించాలంటే ఎలక్షన్ పిటిషనే మార్గం. అది ఎన్నికల వివాదాలను విచారించే ఎన్నికల ట్రిబ్యునల్‌లో, గడువు దాటకుండా వేయాలి. కలెక్టరేట్‌కు అర్జీ పెట్టినంత మాత్రాన ఫలితం మారదు.